గోనోకాకస్ మీద నిఘా

లైంగిక సంపర్కంతో సోకే బ్యాక్టీరియా వ్యాధుల్లో వైద్యులను ఎక్కువగా తిప్పలు పెడుతున్నది గనేరియా. తెలుగునాట సెగవ్యాధి అని పేరున్న ఈ జబ్బుకు కారణం నీసేరియా గోనోరియే అనే బ్యాక్టీరియా. దీన్నే గోనోకాకస్ అంటారు. జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నీసర్ 1879లో రోగుల చీములో దీన్ని గుర్తించాడు. సూక్ష్మదర్శిని కింద రెండు చిక్కుడు గింజలను ఎదురెదురుగా ఉంచినట్టు జంటలు జంటలుగా, చాలావరకు తెల్ల రక్తకణాల లోపలే కనిపిస్తుంది. సహజంగా ఇది సోకేది మనిషికి మాత్రమే. 2020లో ప్రపంచమంతటా 15 నుంచి 49 ఏళ్ల వారిలో 8.2 కోట్ల కొత్త కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మగవారికి మూత్రంలో మంట, చీము పోవడం వంటి లక్షణాలు జబ్బు సోకిన రెండు మూడు రోజుల నుంచి వారంలోపు బయటపడతాయి. ఆడవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. అలా తెలియకుండా మిగిలిపోయిన జబ్బు ఫాలోపియన్ నాళాలను మూసేసి సంతానలేమికి దారితీస్తుంది. తల్లి నుంచి కాన్పు సమయంలో బిడ్డ కళ్లకు సోకితే చూపు పోవచ్చు.

ఇప్పటికీ ఇది నయమయ్యే జబ్బే. అయితే ఏ మందుతో నయమవుతుందన్న ప్రశ్నకు జవాబు పదేళ్లకో పదిహేనేళ్లకో మారుతూ వస్తోంది. 1930ల చివర్లో సల్ఫా మందులు వచ్చినప్పుడు గనేరియా పీడ వదిలిందనుకున్నారు. 1940ల మధ్యకే అవి చాలాచోట్ల పనిచేయడం మానేశాయి. అదృష్టం కొద్దీ అప్పటికి పెన్సిలిన్ చేతికొచ్చింది. 1943లో రెండు లక్షల యూనిట్లలోపు మోతాదుతో తగ్గిన జబ్బుకు 1970ల నాటికి 48 లక్షల యూనిట్లు ఇవ్వాల్సి వచ్చింది. అంటే బ్యాక్టీరియా ఒక్కసారిగా ఎదురు తిరగలేదు, మూడు దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా మొండికేసింది. 1976లో మాత్రం కథ అడ్డం తిరిగింది. పెన్సిలిన్‌ను నేరుగా ముక్కలు చేసే బీటాలాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసే రకాలు ఆగ్నేయాసియాలోనూ పశ్చిమ ఆఫ్రికాలోనూ దాదాపు ఒకే కాలంలో తలెత్తి, అమెరికా, బ్రిటన్‌లలో బయటపడ్డాయి. మోతాదు పెంచి గట్టెక్కే అవకాశం దాంతో పోయింది. 1985లో టెట్రాసైక్లిన్‌కూ అదే గతి పట్టింది. దక్షిణ కొరియాలోని అమెరికా సైనికులకు 1981లో స్పెక్టినోమైసిన్‌ను మొదటి మందుగా ఇవ్వడం మొదలుపెడితే, నాలుగేళ్లు తిరిగేసరికి చికిత్స విఫలమైన కేసులు బారులు తీరాయి.

ఇంత త్వరగా మందులకు అలవాటు పడటానికి కారణం ఈ బ్యాక్టీరియాకున్న ఒక స్వభావం. చుట్టుపక్కల చచ్చిన బ్యాక్టీరియా వదిలిన డీఎన్‌ఏ ముక్కలను ఇది దాదాపు ఎప్పుడంటే అప్పుడు లోపలికి లాక్కుని తన జన్యువుల్లో అతికించుకోగలదు. మనిషి గొంతులో హాని చేయని నీసేరియా జాతులు బోలెడన్ని కాపురం ఉంటాయి. ఏ జలుబుకో చెవిపోటుకో వాడిన యాంటీబయాటిక్‌లను తట్టుకుని అవి అక్కడ బతుకుతుంటాయి. గోనోకాకస్ కూడా గొంతుకు సోకుతుంది, పైగా అక్కడ ఉన్నట్టే తెలియదు. ఆ ఇరుగుపొరుగు దగ్గర తెచ్చుకున్న ముక్కలతో పెన్‌ఏ అనే జన్యువు అతుకుల బొంతగా మారింది. సెఫలోస్పోరిన్ మందులు పట్టుకోవాల్సిన ప్రొటీను ఆకారాన్ని నిర్ణయించేది ఈ జన్యువే. అది మారిపోయాక మందు లోపలికి వెళ్లినా పట్టు దొరకదు. దీనికి తోడు లోపలికొచ్చిన మందును బయటికి తోడిపోసే పంపులు, మందు దూరే రంధ్రాలను బిగించుకునే మార్పులు కూడా ఉన్నాయి. ఒక్కో మార్పు ఇచ్చే రక్షణ కొంచెమే. అన్నీ ఒకే రకంలో పోగైనప్పుడు చికిత్స చేతులెత్తేస్తుంది.

ఈ పోగుపడటాన్ని చికిత్సలు విఫలం కాకముందే పసిగట్టడమే నిఘా పని. ఒక ప్రాంతంలో సేకరించిన నమూనాల్లో అయిదు శాతానికి ఒక మందు పనిచేయకపోతే ఆ మందును మొదటి చికిత్సగా వాడటం ఆపి, వేరే మందుకు మారాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న గీత. గనేరియా చికిత్స చాలా దేశాల్లో పరీక్ష ఫలితం కోసం ఆగకుండా అక్కడికక్కడే ఇచ్చేస్తారు. కాబట్టి డాక్టరు రాసే మందు ఆ ఒక్క రోగి పరీక్షను బట్టి ఉండదు, అంతకుముందు ఏడాదో రెండేళ్లో వేరే రోగుల నమూనాల్లో కనిపించిన దాన్ని బట్టి ఉంటుంది. నిఘా లెక్క తప్పితే రోగులందరి చికిత్సా తప్పుతుంది.

లెక్క సరిగ్గా రావాలంటే ముందు బ్యాక్టీరియా ప్రాణంతో ల్యాబ్‌కు చేరాలి. ఇక్కడే చిక్కంతా ఉంది. మందులకు ఇంత మొండిదైన గోనోకాకస్ శరీరం బయట మాత్రం మహా సుకుమారం. ఎండితే చస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే చస్తుంది. మామూలు దూదిపుల్లలోని కొవ్వు ఆమ్లాలు కూడా దానికి విషమే. అందుకని క్లినిక్‌లో ప్రత్యేకమైన స్వాబ్‌తో చీమును తీసుకుని వెంటనే చాక్లెట్ అగార్ అనే పోషక మాధ్యమం మీద గీస్తారు. చాక్లెట్ పేరులోనే ఉంటుంది. అందులో కలిపిన రక్తంలోని ఎర్రకణాలు వేడికి పగిలి ఆ రంగు వస్తుంది, అంతే. గొంతు, మలద్వారం నుంచి తీసిన నమూనాల్లో వేరే సూక్ష్మజీవులు ముందే ఎదిగి దీన్ని కమ్మేస్తాయి కాబట్టి, వాటిని ఆపే మందులు కలిపిన థేయర్–మార్టిన్ మాధ్యమం వాడతారు. ఎదగడానికి దీనికి కాస్త కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఖరీదైన ఇంక్యుబేటర్ లేని ల్యాబ్‌లలో గాజు జాడీలో ప్లేట్లు పేర్చి, కొవ్వొత్తి వెలిగించి, మూత బిగిస్తారు. గాలి చాలక మంట ఆరేసరికి లోపల కావాల్సినంత కార్బన్ డయాక్సైడ్ తయారై ఉంటుంది. వాడే కొవ్వొత్తి రంగూ వాసనా లేనిదై ఉండాలి, లేకపోతే ఆ పొగలోని రసాయనాలకే బ్యాక్టీరియా చస్తుంది. ఒకటి రెండు రోజులకు ప్లేటు మీద బూడిదరంగులో మెరిసే చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. ఆక్సిడేజ్ రసాయనం తగిలితే అవి క్షణాల్లో ఊదారంగుకు మారతాయి. బీటాలాక్టమేజ్ ఉందో లేదో తేల్చడానికి నైట్రోసెఫిన్ చాలు. ఎంజైమ్ ఉంటే ఆ పసుపు ద్రవం ఎర్రబడుతుంది.

అసలు కొలత ఆ తర్వాత మొదలవుతుంది. మందు ఎంత తక్కువ గాఢతలో ఉంటే బ్యాక్టీరియా ఎదుగుదల ఆగిపోతుందో ఆ అంకెను ఎంఐసీ అంటారు. పాత పద్ధతిలో వరుసగా రెట్టింపు గాఢతల్లో మందు కలిపిన అగార్ ప్లేట్లు పోసి, ఒక్కో ప్లేటు మీద పదుల కొద్దీ నమూనాలను ఒకేసారి చుక్కలుగా పెడతారు. శ్రమ ఎక్కువ, నమ్మకమూ ఎక్కువే. కొత్త పద్ధతిలో గాఢత కొలమానం అచ్చువేసిన సన్నని ప్లాస్టిక్ పట్టీని ప్లేటు మీద పరుస్తారు. మర్నాటికి పట్టీ చుట్టూ బ్యాక్టీరియా ఎదగని కోడిగుడ్డు ఆకారపు ఖాళీ ఏర్పడుతుంది. ఆ గుడ్డు అంచు పట్టీని తాకిన చోట ఉన్న అంకే ఎంఐసీ. సెఫలోస్పోరిన్ జాతి మందు సెఫ్ట్రియాక్సోన్ విషయంలో యూరప్ ప్రమాణాల ప్రకారం లీటరుకు 0.125 మిల్లీగ్రాములు దాటితే నిరోధకత ఉన్నట్టు. ఈ పరీక్షలో ఒక మెట్టు అటూ ఇటూ తేడా రావడం మామూలే. 0.06 అని ఒకచోట చూసింది ఇంకొకచోట 0.125గా కనిపించవచ్చు. అందుకే ప్రతి ల్యాబ్ తన నమూనాలతో పాటు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ప్రామాణిక రకాలను కూడా పరీక్షించి, వాటి అంకెలు సరిగ్గా వచ్చాకే మిగతావాటిని నమ్ముతుంది.

నిఘాలో అనుభవమున్నవారు చూసేది గీత దాటిన వాటిని ఒక్కటే కాదు. నిన్నటిదాకా 0.008 దగ్గర గుమిగూడిన నమూనాలు 0.016కూ, ఆపైన 0.03కూ జరుగుతుంటే కాగితం మీద నిరోధకత ఇంకా సున్నా శాతమే. కానీ మొత్తం గుంపు కొండ ఎక్కుతోందన్నమాట. పెన్సిలిన్ మోతాదు మూడు దశాబ్దాల పాటు పెరిగిన కథ మళ్లీ మొదలవుతోందని అక్కడే తెలుస్తుంది. శాతాలను మాత్రమే అచ్చేసి ఎంఐసీలు ఎలా పరుచుకున్నాయో దాచుకునే నివేదిక సగం నివేదికే.

క్రమం తప్పని నిఘా ఎలా పనికొస్తుందో అమెరికా అనుభవం చూపించింది. అక్కడ 1986లో మొదలైన జీఐఎస్‌పీ పథకంలో ఎంపిక చేసిన నగరాల క్లినిక్‌లు ప్రతినెలా చీముతో వచ్చిన మొదటి 25 మంది మగవారి నమూనాలను ప్రాంతీయ ల్యాబ్‌లకు పంపిస్తాయి. ఎంచి కాకుండా వచ్చిన వరుసలో తీసుకోవడం వల్ల ఏడాదికేడాది పోల్చుకోవడానికి వీలవుతుంది. ఆసియాలో 1990లలోనే గనేరియాకు వాడుతున్న సిప్రోఫ్లాక్ససిన్‌కు లొంగని రకాలు పెరిగాయి. అవి పసిఫిక్ దాటి ముందు హవాయిలో దిగాయి. లెక్క చూసి 2000లో హవాయిలోనూ 2002లో కాలిఫోర్నియాలోనూ ఆ మందు ఆపమన్నారు. 2004లో స్వలింగ సంపర్కులైన మగవారికీ, 2007లో దేశమంతటికీ ఆపేశారు. నోటితో వేసుకునే సెఫిక్సిమ్ వంతు 2012లో వచ్చింది. చికిత్సలు పెద్దయెత్తున విఫలం కాకముందే, ఎంఐసీలు పైకి జరుగుతున్నాయన్న కారణంతోనే దాన్ని మొదటి వరస నుంచి తప్పించారు. మిగిలింది ఇంజెక్షన్‌గా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఒక్కటే. కొన్నాళ్లు దానికి అజిత్రోమైసిన్‌ను తోడిచ్చారు. ఆ తోడు కూడా బలహీనపడటంతో బ్రిటన్, అమెరికా దాన్ని వదిలేసి, సెఫ్ట్రియాక్సోన్ మోతాదునే పెంచాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో గ్యాస్ప్ పేరుతో దేశాల ల్యాబ్‌లను ఒక తాటిమీదికి తెచ్చింది. బ్రిటన్‌లో గ్రాస్ప్ 2000లో, యూరప్ దేశాలకు యూరో–గ్యాస్ప్ 2009లో వచ్చాయి. వీటి బలహీనత ఏమిటంటే నమూనా ల్యాబ్‌కు చేరుతుంది కానీ రోగి కథ చేరదు. వయసు, ప్రయాణాలు, అంతకుముందు మింగిన మందులు, చికిత్స తర్వాత జబ్బు తగ్గిందా లేదా అన్నవి తెలియకుండా ఎంఐసీ అంకె సగం మాటే చెబుతుంది. ఆ లోటు తీర్చడానికి ఈగ్యాస్ప్ అనే మెరుగైన పథకాన్ని 2015లో థాయ్‌లాండ్‌తో ప్రారంభించారు. 2024లో భారత్ సహా 12 దేశాలు దానికి సమాచారం పంపాయి. 2022 నుంచి 2024 మధ్య సెఫ్ట్రియాక్సోన్ నిరోధకత 0.8 శాతం నుంచి 5 శాతానికి, సెఫిక్సిమ్ నిరోధకత 1.7 నుంచి 11 శాతానికి చేరిందని ఆ పథకం నివేదిక. సిప్రోఫ్లాక్ససిన్‌కు 95 శాతం నమూనాలు లొంగనేలేదు. ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఏటా కొత్త దేశాలు చేరుతున్న పథకంలో సగటు ఎగబాకడానికి దేశాల కలయిక మారడం కూడా కొంత కారణమవుతుంది. కంబోడియా, వియత్నాంలలో పరిస్థితి బాగా దిగజారిందన్నది మాత్రం నిర్వివాదం. ఆపద్ధర్మంగా మిగిలిన చివరి ఇంజెక్షన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీతను తాకింది.

సెఫ్ట్రియాక్సోన్‌కు గట్టిగా ఎదురు నిలిచిన మొదటి రకం జపాన్‌లోని క్యోటో నగరంలో 2009లో దొరికింది. హెచ్041 అని పేరు పెట్టారు. అది కూడా గొంతు నమూనాలోనే బయటపడింది. దాని గురించి గగ్గోలు పుట్టినా ఆ రకం పెద్దగా వ్యాపించలేదు. నిరోధకత తెచ్చుకున్నందుకు అది తన ఎదుగుదలలో మూల్యం చెల్లించి ఉండవచ్చని శాస్త్రవేత్తల ఊహ. 2015లో అదే జపాన్‌లో దొరికిన ఎఫ్‌సీ428 అలా కాదు. దాని వంశం కొన్నేళ్లలోనే ఆసియా, యూరప్, ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికాల్లో తేలింది. 2018లో బ్రిటన్‌లో ఒక రోగికి ఆగ్నేయాసియా ప్రయాణంలో సోకిన గనేరియా అటు సెఫ్ట్రియాక్సోన్‌కూ ఇటు అజిత్రోమైసిన్‌కూ లొంగలేదు. స్పెక్టినోమైసిన్ ఇచ్చాక మూత్రనాళంలో తగ్గింది కానీ గొంతులో ఉండిపోయింది. చివరికి ఎర్టాపెనెమ్‌ను మూడు రోజులు నరం ద్వారా ఎక్కించాకే వదిలింది. పెద్ద ఆసుపత్రుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ల కోసం దాచుకునే మందు అది. దాదాపు అదే సమయంలో ఆస్ట్రేలియాలో ఇద్దరిలో అలాంటి రకమే కనబడింది. ఇవి ఒకే కుదురువని జన్యుక్రమాలు పోల్చి చూశాక తేలింది.

సరిగ్గా ఇంత అవసరమైన వేళ ప్రాణంతో ఉన్న బ్యాక్టీరియా దొరకడం కరవైపోతోంది. ఇప్పుడు చాలా దేశాల్లో గనేరియాను కల్చర్‌తో కాకుండా డీఎన్‌ఏను గుర్తించే న్యాట్ పరీక్షతో నిర్ధారిస్తున్నారు. మూత్రం నమూనా చాలు, బ్యాక్టీరియా చచ్చిపోయి ఉన్నా పర్వాలేదు, ఫలితం త్వరగా వస్తుంది. రోగికి ఇది మేలే. నిఘాకు మాత్రం దెబ్బ, ఎందుకంటే చచ్చిన బ్యాక్టీరియాకు ఎంఐసీ కొలవలేరు. దీనికి విరుగుడుగా డీఎన్‌ఏలోనే నిరోధకత గుర్తులు వెతికే పరీక్షలు వస్తున్నాయి. సిప్రోఫ్లాక్ససిన్ విషయంలో ఇది చక్కగా కుదిరింది. గైర్‌ఏ జన్యువులో 91వ స్థానం మారకపోతే ఆ మందు పనిచేస్తుందని దాదాపు నిశ్చింతగా చెప్పవచ్చు. సెఫ్ట్రియాక్సోన్‌కు అంత సులువు కాదు. పెన్‌ఏ బొంతలో అతుకులు వందల రకాలు. తెలిసిన అతుకులను పరీక్ష పట్టుకుంటుంది, కొత్తగా పుట్టిన దాన్ని వదిలేస్తుంది. నిఘా ఎదురుచూసేదేమో ఆ కొత్తదాని కోసమే.

భారత్‌లో చిక్కు ఇంకో రకం. ఇక్కడి ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో చాలాకాలంగా నడుస్తున్నది లక్షణాలను బట్టి మందులిచ్చే పద్ధతి. చీము పోతోందని వచ్చిన మగవారికి గానీ, గర్భాశయ ముఖద్వారం వాచిన ఆడవారికి గానీ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిర్దేశించిన బూడిదరంగు కిట్ చేతికిస్తారు. అందులో సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఉంటాయి. రెండూ ఒక్కసారే మింగేవి. గనేరియా, మరో లైంగిక వ్యాధి క్లమిడియా రెండింటినీ ఒక దెబ్బతో తీసేయాలన్నది ఉద్దేశం. ల్యాబ్ లేని చోట కూడా, రోగి మళ్లీ వస్తాడో రాడోనన్న అనుమానం మధ్య, అదే రోజు చికిత్స జరిగిపోతుంది. ప్రజారోగ్యం దృష్ట్యా ఈ పద్ధతిని తప్పుపట్టలేం. కానీ స్వాబ్ తీయని చోట నిఘాకు నమూనా ఉండదు. లక్షణాలే లేని ఆడవారు ఈ లెక్కలోకి అసలు రారు. క్లినిక్ గడప తొక్కడానికి సిగ్గుపడి మందుల షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో మాత్రలు తెచ్చుకునేవారూ రారు.

నమూనాలు తీసే బాధ్యత కొద్ది కేంద్రాల మీదే పడింది. దిల్లీలో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోని కేంద్రం ఆగ్నేయాసియా ప్రాంతానికి గోనోకాకస్ రిఫరెన్స్ ల్యాబ్‌గా పనిచేస్తోంది. హైదరాబాద్ ఉస్మానియా వైద్య కళాశాల, చెన్నైలోని వెనిరియాలజీ సంస్థ, కోల్‌కతా, నాగ్‌పూర్, బరోడా కేంద్రాలు ప్రాంతీయ ల్యాబ్‌ల జాబితాలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే ఆధారాలకు ఉస్మానియానే దిక్కు. ఒక జిల్లా ఆసుపత్రిలో తీసిన స్వాబ్ బస్సులో హైదరాబాద్ చేరేలోపు వేసవి ఎండకు ఎండిపోయిందంటే అక్కడితో ఆ సమాచారం పోయినట్టే. బొగ్గుపొడి కలిపిన రవాణా మాధ్యమంలో పెట్టినా ఒక రోజు దాటితే ఆశ తగ్గుతుంది. ఇంత విశాల దేశానికి ఈ కొద్ది నమూనాలే కిటికీ కావడంతో సెఫిక్సిమ్ ఎంఐసీ ఏ జిల్లాలో పైకి జరుగుతోందో కనిపెట్టడం కష్టం.

గోనోకాకస్‌కు వాడే పద్ధతులన్నీ మిగతా లైంగిక వ్యాధులకు అక్కరకు రావు. సవాయి అనే సిఫిలిస్‌కు కారణమైన ట్రెపొనీమా బ్యాక్టీరియాను చాలాకాలం ప్రయోగశాలలో పెంచనేలేకపోయారు. కణాల సాయంతో దీర్ఘకాలం పెంచే పద్ధతి 2018లో గానీ కుదరలేదు. దాని మీద నిఘా అంతా జన్యువుల మీదే. 23ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, అజిత్రోమైసిన్ పనిచేయదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2002 ప్రాంతంలో చికిత్స విఫలమైన కేసులతో ఇది బయటపడింది, తర్వాత చాలా దేశాల్లో ఆ రకమే రాజ్యమేలింది. విశేషమేమిటంటే ఎనభై ఏళ్లు దాటినా పెన్సిలిన్‌కు సిఫిలిస్ ఇంకా లొంగుతూనే ఉంది. క్లమిడియాలో మనుషుల్లో స్థిరపడిన నిరోధకత ఇంతవరకూ కనబడలేదు. మైకోప్లాస్మా జెనిటాలియంది మరో ధోరణి. దానికి కణ కవచమే లేదు కాబట్టి పెన్సిలిన్ జాతి మందులకు పట్టు దొరకదు. కల్చర్‌కు నెలలు పడుతుంది. అందుకే అజిత్రోమైసిన్ నిరోధకత గుర్తును కూడా అదే పరీక్షలో చూసే కిట్లు దానికి వచ్చాయి.

కొత్త పరిణామాలు రెండు నిఘా భారాన్ని పెంచుతున్నాయి. సంపర్కం జరిగిన 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ మింగితే సిఫిలిస్, క్లమిడియా సోకడం బాగా తగ్గుతుందని పరీక్షల్లో తేలడంతో, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో ముప్పు ఎక్కువున్న కొన్ని వర్గాలకు దాన్ని సిఫారసు చేసింది. అదే జాతికి చెందిన టెట్రాసైక్లిన్‌కు లొంగని గోనోకాకస్ వాటా దానివల్ల పెరుగుతుందా అన్నది ఇప్పుడు ప్రతి నివేదికలోనూ వెతుకుతున్నారు. రెండోది కొత్త మందులు. నోటితో మింగే జోలిఫ్లోడాసిన్ మూడో దశ పరీక్షలో సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ జోడీకి తీసిపోలేదని 2023 నవంబర్‌లో ప్రకటించారు. బెల్జియం, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్, అమెరికాలలో 930 మందిపై ఆ పరీక్ష సాగింది. జెపోటిడాసిన్ ఫలితాలు 2025లో ప్రచురితమయ్యాయి. జోలిఫ్లోడాసిన్‌కు ఎదురు నిలిచే మార్పు గైర్‌బి జన్యువులో 429వ, 450వ స్థానాల్లో వస్తుందని ప్రయోగశాలలో ముందే కనిపెట్టారు. మందు ఊరూరా చేరకముందే పలు దేశాల ల్యాబ్‌లు పాత నమూనాలను మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్ల నుంచి తీసి, వాటి ఎంఐసీలు కొలిచి, ఆ రెండు స్థానాలు ఎలా ఉన్నాయో నమోదు చేసుకుంటున్నాయి. రేపు వచ్చే అంకెలను పోల్చుకోవాల్సింది ఈ పట్టికలతోనే.